కొలువు కోసం కొలువు

మా రోజుల్లో ఉద్యోగం అడగడానికి ఒక కవరు సరిపోయేది. బాండ్ పేపరు మీద జాబ్ టైపింగ్ చేయించిన బయోడేటా, దానికి గుండుసూదితో గుచ్చిన పాస్‌పోర్టు సైజు ఫొటో, మార్కుల లిస్టు జిరాక్సు. ఆ జిరాక్సు మీద గెజిటెడ్ ఆఫీసరు పచ్చ ఇంకుతో సంతకం పెట్టాలి. ఆయనెవరో మనకి తెలియదు, మనమెవరమో ఆయనకి తెలియదు. పశువుల డాక్టరు గారైనా సరే, జూనియర్ కాలేజీ ప్రిన్సిపాలు గారైనా సరే, చేతిలో ముద్ర ఉంటే చాలు. మధ్యాహ్నం కునుకు తీసి లేచే వేళకి వాళ్ళ వరండాలో నిలబడితే పని అయిపోయేది. కవరుకి స్టాంపులు అంటించి ఎర్రడబ్బాలో పడేశాక ఇక మన బాధ్యత తీరిపోయినట్టే. ఇచ్చేవాడు ఇస్తాడు, ఇవ్వనివాడు ఇవ్వడు. మధ్యలో మనం ఊరంతా తిరిగి ‘నేను చాలా కష్టపడే మనిషినండోయ్’ అని టముకు వేయాల్సిన పని లేదు.

ఇప్పుడు వేయాలి. రోజూ వేయాలి. దానికి ఆన్‌లైన్ ప్రెజెన్స్ అని పేరు.

మా అక్క మనవడు వినుకొండ నుంచి వచ్చి కూకట్‌పల్లిలో మా ఇంట్లోనే ఉండి ఉద్యోగం వెతుక్కున్నాడు. కంప్యూటర్ సైన్సులో బీటెక్. పిల్లవాడు బుద్ధిమంతుడే. కానీ పొద్దున్న లేచి పళ్ళు తోముకోకముందే ఫోను తీసి ఎవరెవరికో కంగ్రాట్స్ చెప్పేవాడు. "ఎవర్రా ఆయన?" అంటే "సెకండ్ కనెక్షన్ తాతయ్యా" అనేవాడు. సెకండ్ కనెక్షన్ అంటే తెలిసినవాడికి తెలిసినవాడు. తీరా చూస్తే ఆ మొదటి తెలిసినవాడు కూడా వీడికి తెలియదు. ఐదొందల మంది దాటేదాకా అలా జతచేసుకుంటూ పోవాలట. దాటాక ఎంతమంది ఉన్నా లింక్డిన్ అనే ఆ సైటు ‘500+’ అనే చూపిస్తుంది కాబట్టి అక్కడితో ఆ శ్రమ ఆపొచ్చట. కాఫీ తాగుతూ ఒక పోస్టు. టిఫిన్ చేస్తూ ఇంకొకడి పోస్టు కింద "గ్రేట్ ఇన్‌సైట్ సర్". ఆ ఇన్‌సైట్ ఏమిటా అని నేనూ కళ్ళజోడు పెట్టుకుని చదివాను. రోజూ పొద్దున్నే లేచి పక్క సర్దుకుంటే నాయకత్వ లక్షణాలు వస్తాయని రాశాడొకాయన. మా అమ్మ ఈ మాట నాకు చీపురు తిరగేసి చెప్పింది, ఒక్క లైకు రాలేదు పాపం.

మధ్యాహ్నం సర్టిఫికెట్లు. రెండు గంటల వీడియో చూస్తే ఒకటి, పది ప్రశ్నలకి టిక్కులు పెడితే ఇంకొకటి, ఎవరో జూమ్‌లో ఉపన్యాసమిస్తే విన్నందుకు మరొకటి. వాటన్నిటినీ ప్రొఫైల్లో మెట్లమెట్లుగా పేర్చడం. బొమ్మల కొలువు అయితే పండగకి పెట్టి, పేరంటం అయ్యాక పెట్టెలో సర్దేస్తాం. వీళ్ళది ఏడాది పొడుగునా తీయని కొలువు. ఒక్కవారం దుమ్ము దులపకపోతే రిక్రూటర్ల కంట పడకుండా కిందకి జారిపోతుందని వాడి భయం. ఆ భయంలో నిజమెంతో గానీ, ఆ భయం పెట్టడానికే కోర్సులు అమ్ముకునేవాళ్ళు మాత్రం బోలెడుమంది ఉన్నారు. ప్రొఫైలు ఎలా రాయాలో నేర్పడానికి ఒక కోర్సు. దానికీ ఒక సర్టిఫికెట్టు.

ఇదంతా నడిచే చోట్లు ముఖ్యంగా రెండు. ఒకటి లింక్డిన్. 2003లో మొదలైంది, 2016లో మైక్రోసాఫ్ట్ 26.2 బిలియన్ డాలర్లు పోసి కొనుక్కుంది. రెండోది గిట్‌హబ్. రాసిన ప్రోగ్రాములు దాచుకునే చోటు. 2008లో పుట్టింది, దాన్నీ 2018లో మైక్రోసాఫ్టే 7.5 బిలియన్లకి కొంది. రెండు బేరాలూ అయినప్పుడు ఆ కంపెనీకి పెద్ద మన హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న సత్య నాదెళ్లే. అంటే మన పిల్లల జాతకాలు, వాళ్ళ చేతిరాతలు రెండూ మనవాడి దగ్గరే ఉన్నాయి. అయినా వినుకొండ వాడికి ప్రత్యేక దర్శనమేమీ లేదు.

సరే, మా రోజుల్లో అసలు పరీక్ష ఎలా ఉండేదో చెబుతాను. 1986. హైదరాబాదులో ఒక కంప్యూటర్ సెంటరు. ఏసీ ఉన్న గదిలో మిషను, ఏసీ లేని గదిలో మేము. నా ముందు ఒక కోబాల్ కోడింగ్ షీటు, ఒక పెన్సిలు, ఒక రబ్బరు పెట్టారు. ఆ షీటు ఇప్పటివాళ్ళు చూసి ఉండరు. అడ్డంగా ఎనభై గళ్ళు. మొదటి ఆరూ వరస నంబరుకి, ఏడోది కామెంటు గుర్తుకి, ఎనిమిది నుంచి పేరాగ్రాఫ్ పేర్లు, పన్నెండు నుంచి డెబ్భై రెండు దాకా అసలు వాక్యాలు. ఒక గడి అటూ ఇటూ అయినా కంపైలరు ఒప్పుకోదు. లెక్క ఏమిటంటే, బ్యాంకు ఖాతాల మాస్టర్ ఫైలు ఒకటి, ఆ రోజు లావాదేవీల ఫైలు ఒకటి, రెండూ ఖాతా నంబరు వరసలో ఉన్నాయి. వాటిని కలిపి కొత్త మాస్టర్ తయారు చేయాలి. రాశాను. ఇంటర్వ్యూ చేసే ఆయన ఆ షీటు ఎదురుగా పెట్టుకుని చదివారు. పైపైన చూడటం కాదు, పెన్సిలు మొన గడి గడికీ జరుపుకుంటూ చదివారు. ఒకచోట ఆగి, "ఈ ఇఫ్ చివర చుక్క పెట్టావు. తీసేస్తే ఏమవుతుంది?" అన్నారు.

"కింద వాక్యాలు కూడా ఆ ఇఫ్ కిందకే పోతాయి సార్."

"పోతే?"

"ఆ రోజు లావాదేవీ ఉన్న ఖాతాలే కొత్త ఫైల్లోకి వెళ్తాయి సార్. మిగతా ఖాతాలు మాయమైపోతాయి."

"అప్పుడు బ్యాంకు మేనేజరు ఏం చేస్తాడు?"

"నన్ను వెతుక్కుంటూ వస్తాడు సార్."

ఆయన నవ్వారు. ఒక్క చుక్క గురించి పావుగంట మాట్లాడుకున్నాం. నాకు ఉద్యోగం వచ్చింది. అయితే నేను చెప్పదలుచుకున్నది నా ఘనత కాదు. ఆ పావుగంట కంపెనీ ఖర్చు. నాకు పని వచ్చో రాదో తేల్చుకునే భారం వాళ్ళది. ఒక పెద్దమనిషి జీతం తీసుకుంటూ కూర్చుని నేను రాసింది చదివాడు. చేరాక మళ్ళీ కొన్ని నెలలు జీతమిచ్చి మరీ నేర్పించారు. మిషను టైము ఖరీదు కాబట్టి మా ప్రోగ్రాముల్ని కాగితం మీదే పరీక్షించి, తప్పులుంటే మొహాన కొట్టేవాళ్ళు. తిట్లు కూడా వాళ్ళ ఖర్చే.

ఇప్పుడు ఆ ఖర్చంతా పిల్లవాడి నెత్తిన పడింది. వాడే నేర్చుకోవాలి, నేర్చుకున్నట్టు రుజువులు వాడే తయారుచేసుకోవాలి, ఆ రుజువుల్ని ఊరందరికీ కనపడేలా వాడే వేలాడదీయాలి. ఇన్నీ చేస్తే అటువైపు చదివేది మనిషి కాదు, ముందు ఒక సాఫ్ట్‌వేరు. అది మాటలు ఏరుతుంది. రియాక్ట్ ఉందా, పైథాన్ ఉందా, ఏడబ్ల్యూఎస్ ఉందా. ఒక్క నొక్కుతో దరఖాస్తు పెట్టే సౌకర్యం వచ్చాక ఒక్కో ఖాళీకి వందలూ వేలూ వచ్చి పడుతున్నాయి, అన్నీ చదివే ఓపిక మనిషికి ఎక్కడిది? 2022 చివర చాట్‌జీపీటీ వచ్చాక ఇంకా బాగుంది. ఇటు మిషను రాస్తుంది, అటు మిషను చదువుతుంది. మధ్యలో మా వాడు రాత్రి రెండింటిదాకా మేలుకుని ఉంటాడు.

పోనీ ఇంత కష్టపడితే జీతాలేమైనా ఆకాశాన్ని అంటుతున్నాయా అంటే, పెద్ద సర్వీసు కంపెనీలు కొత్తవాళ్ళకి పదిహేనేళ్ల కిందట ఏడాదికి మూడు లక్షల చిల్లర ఇచ్చేవి. ఇప్పుడూ మూడున్నర దగ్గరే ఉన్నాయి. ఈలోగా కందిపప్పు ధర ఎంతైందో మా ఆవిడని అడగండి. చేతికి ఆఫర్ లెటర్ ఇచ్చి, చేర్చుకోవడానికి ఏడాదీ రెండేళ్ళూ తిప్పిన సంగతులు పేపర్లో చదివాం కదా. మా రోజుల్లో కాల్ లెటర్ వచ్చిందంటే ఊళ్ళో పిల్లనిచ్చేవాళ్ళు. ఇప్పుడు ఆఫర్ లెటర్ చూపించినా "జాయినింగ్ డేటు పడిందా బాబూ?" అంటున్నారు.

ఇంకో సంగతి చెబితే మీరు నవ్వుతారు. మా కాలంలో సిఫారసు అంటే సిగ్గుపడే వ్యవహారం. ఎమ్మెల్యే గారి ఉత్తరం జేబులో పెట్టుకు వెళ్ళినవాడు దాన్ని బయటికి తీసేముందు అటూ ఇటూ చూసేవాడు. ఇప్పుడు దాన్ని రెఫరల్ అంటారు, బాహాటంగా అడుగుతారు. ముక్కూమొహం తెలియని ఉద్యోగికి మెసేజి పెట్టి "సర్, మీ కంపెనీలో నాకు రెఫరల్ ఇవ్వగలరా?" అని. అతను ఇస్తాడు కూడా, చేరితే అతనికి బోనసు వస్తుంది కాబట్టి. ఎమ్మెల్యే గారు కనీసం మన నియోజకవర్గమా కాదా అని చూసేవారు.

ఇక గిట్‌హబ్‌లో పచ్చగళ్ళు. ఇది నాకు అర్థం కావడానికి కొంత టైము పట్టింది. ప్రొఫైలు పేజీలో ఏడాది మొత్తం చిన్న చిన్న గళ్ళుగా కనిపిస్తుంది, రోజుకొక గడి. ఆ రోజు ఏదైనా ప్రోగ్రాము రాసి లోపల పెడితే, అంటే కమిట్ చేస్తే, గడి పచ్చబడుతుంది. ఎక్కువ చేస్తే ముదురు పచ్చ. మా వాడు జ్వరంతో పడుకుని కూడా లేచి వెళ్ళి ఏదో ఫైల్లో ఒక ఖాళీ లైను చేర్చి వచ్చాడు, గడి తెల్లగా ఉండిపోతుందని. నాకు ఒళ్ళు మండింది. అప్పుడు వాడే నవ్వుతూ అసలు గుట్టు చెప్పాడు. ఆ కమిట్ తేదీ మన కంప్యూటరు ఏది చెబితే అదేనట. కావాలంటే పోయినేడాది సంక్రాంతి తేదీ వేసుకోవచ్చు. ఆ గళ్ళలో పేరు కనపడేలా పచ్చరంగు నింపిపెట్టే ప్రోగ్రాములే ఉన్నాయట. మరి ఆనాటి పశువుల డాక్టరు గారి పచ్చ సంతకానికీ ఈ పచ్చగళ్ళకీ తేడా ఏముంది? ఆయన ముద్ర కనీసం అసలుది.

ఈ పచ్చ పిచ్చి ఎంతదాకా పోయిందంటే, అక్టోబరు నెలలో హాక్టోబర్‌ఫెస్ట్ అని ఒకటి జరుగుతుంది. డిజిటల్‌ఓషన్ అనే కంపెనీ 2014లో మొదలుపెట్టింది. అందరూ వాడుకునే ఉచిత సాఫ్ట్‌వేర్లకి నాలుగు మార్పులు చేసి పంపితే టీషర్టు ఇచ్చేవాళ్ళు. మంచి ఆలోచనే. 2020లో ఎవరో యూట్యూబ్‌లో ఎంత తేలిగ్గా పంపొచ్చో చూపించారు. అంతే, ప్రపంచమంతటా ప్రాజెక్టులు నడిపేవాళ్ళ నెత్తిన వేలకి వేలు వచ్చి పడ్డాయి. మార్పు ఏమిటంటే ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైల్లో ‘అమేజింగ్ ప్రాజెక్ట్’ అని ఒక ముక్క చేర్చడం. ఆ సాఫ్ట్‌వేరుని జీతం లేకుండా రాత్రిళ్ళు కూర్చుని కాపాడేవాళ్ళు గోలపెడితే, ఒప్పుకున్న ప్రాజెక్టులకి మాత్రమే పంపాలని నిర్వాహకులు ఉత్సవం మధ్యలోనే నిబంధన మార్చాల్సి వచ్చింది. ఇందులో మన దేశం పిల్లలు ఎక్కువమంది ఉన్నారని తెలిసి తలకొట్టేసినట్టయింది. తర్వాత అనిపించింది, వాళ్ళని అని ఏం లాభం? ‘ఓపెన్ సోర్స్‌లో పాల్గొన్నావా?’ అని దరఖాస్తులో ఒక గడి పెట్టినవాడిది కాదూ తప్పు? గడి ఉంటే నింపుతారు.

ఇంతసేపూ మా కాలం బంగారమని పాడాను గానీ, ఆ బంగారం ఎవరికి దొరికిందన్నది కూడా చెప్పాలి. నాకు దొరికింది, మా బాబాయి సికింద్రాబాదులో రైల్వేలో పనిచేస్తూ ఉండబట్టి. ఆయన ఇంటికి ఇంగ్లీషు పేపరు వచ్చేది. మా ఊరికి అది మర్నాటికి గానీ చేరేది కాదు, చేరినా లైబ్రరీలో ఎవరో ఉద్యోగ ప్రకటనల పేజీ అప్పటికే చింపుకుపోయేవారు. నాతో చదువుకుని లెక్కల్లో నాకంటే ఎన్నో రెట్లు చురుకైనవాళ్ళు ఊళ్ళో ట్యూషన్లు చెప్పుకుంటూ ఉండిపోయారు. ఆడపిల్లల సంగతి అడగక్కర్లేదు. ఇంటర్వ్యూకి తోడు ఎవరు వెళ్తారన్న దగ్గరే ఆగిపోయేది. తర్వాత అమీర్‌పేట వచ్చింది, మైత్రీవనం చుట్టూ బోర్డుల మీద బోర్డులు, ఒక్కో హాల్లో వందల మంది కిక్కిరిసి జావాలూ ఒరాకిల్‌లూ. ఫ్యాకల్టీ బోర్డు మీద రాసింది ఎవడో శ్రద్ధగా రాసుకుంటే, ఆ చేతిరాత నోట్సుని జిరాక్సు తీసి స్పైరల్ బైండు చేసి మెటీరియల్ అని అమ్మేవాళ్ళు. చాలామంది గడపలు దాటింది ఆ మెటీరియల్ పట్టుకునే. దాంతోపాటే దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్లూ పుట్టాయి, ఒకడి బదులు ఇంకొకడు ఫోన్లో ఇంటర్వ్యూ చెప్పడాలూ పుట్టాయి. అప్పటికి నేను బల్లకి అటువైపు కూర్చునేవాణ్ని. మూడేళ్ళ అనుభవం ఉన్నవాడు మొదటి ప్రశ్నకే నీళ్ళు నమలడం ఎన్నిసార్లు చూశానో. కాబట్టి వేషాలు వేయడం ఇప్పటి పిల్లలు కనిపెట్టిందేమీ కాదు.

అందుకే ఒకటి ఒప్పుకుంటాను. వినుకొండలో కూర్చుని రాసిన నాలుగు లైన్లని బెంగళూరులోనో బెర్లిన్‌లోనో ఉన్నవాడు అదే నిమిషాన తెరిచి చదవగలగడం మాకు కలలో కూడా లేదు. చదివేవాడుంటే అంతకంటే గొప్ప న్యాయం లేదు. మా వాడితో నా పేచీ అక్కడే. చదివేవాడికి వీడు ఏం చూపిస్తున్నాడు?

ఒకరోజు కూర్చోబెట్టి మొత్తం చూపించమన్నాను. పైన ఆరు ప్రాజెక్టులు పిన్ను చేసి పెట్టాడు. ఒకటి నెట్‌ఫ్లిక్స్‌కి నకలు, తెర మీద బొమ్మలు బ్రహ్మాండం, నొక్కితే ఏదీ ఆడదు. ఒకటి వాతావరణం చెప్పేది. ఒకటి చేయాల్సిన పనుల జాబితా. ఒకటి టైటానిక్ ఓడలో ఎవరు బతికారో ఊహించేది. నేర్చుకునే ప్రతివాడూ ఆ ఓడెక్కి దిగుతాడట. అన్నిట్లోనూ కమిట్లు రెండో మూడో, అన్నీ ఒకే రాత్రివి. ‘ఫస్ట్ కమిట్’, ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’. నేను ఇంటర్వ్యూ చేసేవాణ్నయితే అడగడానికి అందులో ఏముంది? "ఎక్కడ చూసి రాశావు?" అని తప్ప?

కిందకి జరుపుతుంటే ఒక తాళం గుర్తు కనపడింది. "అదేంట్రా?" అన్నాను. "అది ప్రైవేటు తాతయ్యా, అమ్మ చీటీల లెక్క. బాగోదు" అన్నాడు. తెరవమన్నాను.

మా మేనకోడలు వినుకొండలో చీటీలు వేస్తుంది. వీధిలో ఇరవై మంది ఆడవాళ్ళు, నెలకి ఐదు వేలు, లక్ష రూపాయల చీటీ. వాడు సెకండియర్లో ఉన్నప్పుడు వాళ్ళమ్మ నోటు పుస్తకం చూడలేక రాసిపెట్టాడట. అప్పట్నుంచి ఆవిడ ఫోన్ చేసి ఇది తప్పు అది తప్పు అంటుంటే దిద్దుతూ వచ్చాడు. రెండేళ్ళ పైచిలుకు కమిట్లు. వాటి పేర్లు చూడండి: ‘అమ్మ చెప్పిన లెక్క తప్పు’. మర్నాటి తేదీతో దాని పైన ‘లేదు, అమ్మే కరెక్టు’. ఒకచోట చిన్న ఫంక్షన్ ఉంది, పేరు ‘టీ_ఖర్చు’. ఏమిటని అడిగితే చెప్పాడు. ఒక నెల పాట 21,750 దగ్గర ఆగిందనుకోండి. అందులో ఆవిడ కమిషను ఐదు వేలు పోను 16,750. ఇరవై మందికి పంచితే తలా 837 రూపాయల యాభై పైసలు. ఆ యాభై పైసలు ఎవరిస్తారు, ఎవరు పుచ్చుకుంటారు? వాళ్ళమ్మ 835 లెక్కన పంచేసి, మిగిలిన యాభై రూపాయలతో పాట రోజు అందరికీ టీ తెప్పిస్తుంది. వీడు మొదట పైసల దాకా కచ్చితంగా లెక్క కట్టాడు. ఆడవాళ్ళు గొడవపెట్టారు, టీ ఏదని. అప్పుడు వచ్చింది ఆ ఫంక్షను.

"ఒరేయ్, నలభై ఏళ్ళ కిందట ఇలాంటిది ఒకటి చూపించి ఉంటే నిన్ను లేవనిచ్చేవాళ్ళు కాదు. ఆ నెట్‌ఫ్లిక్స్ తీసి కింద పడేయ్, ఇది పైన పెట్టు" అన్నాను. వాడికి నచ్చలేదు. "ట్రెండీగా ఉండదు తాతయ్యా" అన్నాడు. వాదించగా వాదించగా ఒప్పుకున్నాడు గానీ, వెంటనే బయటపెట్టడానికి లేదు. లోపల ఇరవై మంది అసలు పేర్లు, ఫోను నంబర్లు, ఎవరెంత బాకీనో అన్నీ ఉన్నాయి. ఆ ఫైలు చెరిపేస్తే పోతుందిగా అన్నాను. పోదట. గిట్ పాతవన్నీ దాచుకునే ఉంటుంది, వెనక్కి వెళ్ళి ఎవరైనా చూడొచ్చు. ఇలాగే పాస్‌వర్డులూ రహస్యపు తాళాలూ పొరపాటున లోపల పెట్టి, తర్వాత చెరిపేశామని నిశ్చింతగా ఉండి, ఎవరో వాటిని వాడుకున్నందుకు బిల్లు వచ్చాక లబోదిబోమన్నవాళ్ళు చాలామంది ఉన్నారట. ఆ పాత చరిత్ర మొత్తాన్ని తిరగరాసే పనిముట్టు వేరే ఉంది. దాంతో ఒక రాత్రంతా కూర్చుని అన్ని కమిట్లలోనూ పేర్లు మార్చాడు. వీధిలో ఆడవాళ్ళందరూ కూరగాయలైపోయారు. వంకాయ గారు చీటీ ఎత్తారు, బెండకాయ గారు రెండు నెలల బాకీ.

తర్వాత అది ఎందుకు రాశాడో, ఎవరు వాడుతున్నారో, ఇంకా ఏది సరిగా పనిచేయదో రీడ్‌మీలో పేజీడు రాయమన్నాను. ఆ పేజీ కోసం చాట్‌జీపీటీని పిలవబోతే ఫోను లాక్కున్నాను. వాడి ఇంగ్లీషు వంకరటింకరగానే ఉంది, కానీ చదివితే ఒక మనిషి మాట్లాడుతున్నట్టుంది. ఈ సంగతి ఎలా తెలిసిందో మా మేనకోడలు ఫోను. "మావయ్యా, నా చీటీల సంగతి ప్రపంచమంతా చూసేలా పెట్టించావటగా? రిజిస్ట్రేషను లేదు, ఏమీ లేదు. రేపు పోలీసులొస్తే నువ్వొస్తావా?" అంది. ఆవిడ భయమూ నిజమే, 1982 చిట్ ఫండ్స్ చట్టం ఇలాంటి రిజిస్టరు కాని చీటీల్ని ఒప్పుకోదు. అందుకని రీడ్‌మీలో ‘అమ్మ’ అన్న మాట పోయి ‘ఒక చిన్న పొదుపు సంఘం’ వచ్చింది. ఆవిడ మాత్రం పండక్కి వచ్చినప్పుడు కూడా నాతో ముభావంగానే ఉంది.

చివరికి బెంగళూరులో ఓ చిన్న కంపెనీ వాళ్ళు వీడియో కాల్లో మాట్లాడారు. ఇంటర్వ్యూ చేసినావిడ ముందే గిట్‌హబ్ తెరిచి చూసుకుని వచ్చిందట. మొదటి ప్రశ్నే, "ఈ టీ ఖర్చు ఏమిటి?" అని. వీడు పాట, ఎత్తుబడి, యాభై పైసలు, గొడవ అంతా చెప్పాడు. "ఒకే మొత్తానికి ఇద్దరు పాడితే?" అని అడిగింది. వీడి ప్రోగ్రాములో దానికి సమాధానం లేదు. వాళ్ళమ్మ ఏం చేస్తుందో చెప్పాడు, ఇద్దరి పేర్లూ కాగితం ముక్కల మీద రాసి చిన్నపిల్లాడితో తీయిస్తుందని. "సరే, అది ఇప్పుడు రాసి చూపించు" అంది. నా కోబాల్ చుక్క లాంటి ప్రశ్న అడిగే మనుషులు ఇంకా ఉన్నారన్నమాట. సర్టిఫికెట్ల ఊసే రాలేదట. ఐదొందల మంది కనెక్షన్ల ఊసూ రాలేదట.

ఉద్యోగం వచ్చింది. వీడు చేసిన మొదటి పని లింక్డిన్‌లో పోస్టు పెట్టడం. లైనుకీ లైనుకీ మధ్య ఒక జానెడు ఖాళీ, ఒక రాకెట్టు బొమ్మ, కింద తోరణంలా హ్యాష్‌ట్యాగులు. అందులో ‘నా మెంటార్’ అని నన్ను ట్యాగ్ చేయబోతే నాకు ప్రొఫైల్ లేదు. ఊరుకుంటాడా? కూర్చోబెట్టి తెరిపించాడు. హెడ్‌లైన్ ఏం పెట్టాలని అడిగితే ‘రిటైర్డ్’ అన్నాను. అలా ఒక్క మాట పెట్టకూడదట. మెయిన్‌ఫ్రేమ్ ప్రొఫెషనల్ అని, కోబాల్, జేసీఎల్, సీఐసీఎస్ అని వాడే నింపి, ఎవరిదో పెళ్ళిలో తీసిన ఫొటోలోంచి నా తలకాయ కత్తిరించి అంటించాడు.

వారం తిరక్కుండా మెసేజి వచ్చింది, ఎవరో రిక్రూటరు. అమెరికాలో 2020లో కరోనా టైములో నిరుద్యోగ భృతి ఇచ్చే పాత సిస్టమ్‌లు చతికిలబడితే న్యూజెర్సీ గవర్నరు కోబాల్ తెలిసినవాళ్ళెవరైనా ఉంటే రండి బాబూ అని అడిగాడు గదా, ఆ బాపతు పాత మిషన్లు ఇంకా నడుస్తూనే ఉన్నాయట. ‘మీ ప్రొఫైల్ మాకు చాలా నచ్చింది. ఇమ్మీడియట్ జాయినరేనా? నోటీస్ పీరియడ్ ఎంత? నైట్ షిఫ్టుకి ఇబ్బంది లేదు కదా?’

చదివి వినిపిస్తే వంటింట్లోంచి మా ఆవిడ, "ఏవండీ, మళ్ళీ క్యారేజీ కట్టమంటారా ఏంటి? మూత పగిలిపోయింది, చెప్తున్నా" అంది.